సహాయ నటి జీవితం రాస్తున్న అమ్మాయికి

అమ్మాయికి ఆశీస్సులు.

నీ వ్యాసం మొదటి ప్రతి అందింది. రోజా వాలెట్టీని ఎంచుకున్నందుకు చాలా సంతోషం. తొలినాళ్ళ జర్మన్ సినిమా అనగానే మనవాళ్ళు దర్శకుల పేర్లు నాలుగు, తారల పేర్లు రెండు చెప్పి ఊరుకుంటారు. క్యారెక్టర్ ఆర్టిస్టు జోలికి ఎవరూ పోరు. నువ్వు పోయావు, బాగుంది. కానీ పదకొండు పేజీల వ్యాసంలో ఆరు పేజీలు సినీతార మార్లేనె డీట్రిష్‌కే ఇచ్చేశావు. "బ్లూ ఏంజెల్" సినిమా పేరెత్తగానే అందరూ చేసే పనే ఇది. ఆ ఆరు పేజీలూ కొట్టెయ్. డీట్రిష్ పేరు ఒక్క వాక్యంలో వస్తే చాలు.

ఆ స్థలంలో ఏం రాయాలన్నదే అసలు సంగతి. సహాయ నటి గురించి రాసేటప్పుడు మన చేతిలో ఉండేది ఆమె తెర మీద కనిపించే కొద్ది నిమిషాలు. ఆ నిమిషాలను కొలవాలి. ఊరికే అన్నమాట కాదు, స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చో.

"ఎం" సినిమాతో మొదలుపెట్టు. అది 1931 మే 11న బెర్లిన్‌లో విడుదలైంది. అందులో వాలెట్టీ నేరగాళ్ళు చేరే ఒక నేలమాళిగ బారు నడిపే మనిషి. పిల్లల్ని చంపేవాడి కోసం పోలీసులు రోజూ దాడులు చేస్తున్నారు. దాడి అయ్యాక ఆమె ఒక పోలీసు అధికారితో మాట్లాడుతుంది. వాడి మీద ఇక్కడివాళ్ళకు ఎంత కసి ఉందో మీకు తెలియదు, వీధిలో నిలబడే ఆడవాళ్ళలోనూ తల్లి ఉంటుంది, వాడు మావాళ్ళ చేతికి చిక్కితే బతకడు అనే అర్థం వచ్చే నాలుగు మాటలు. సన్నివేశం అంతే. కానీ కథ మలుపు తిరిగేది అక్కడే. దొంగలే హంతకుణ్ణి వేటాడతారన్న సంగతి ప్రేక్షకుడు నమ్మాలంటే ముందు ఎవరో ఒకరు ఆ కోపాన్ని మామూలు గొంతుతో, వ్యాపారం దెబ్బతిన్న చిరాకుతో కలిపి చెప్పాలి. ఆ పని ఈ నటికి అప్పగించారు. నీ వ్యాసంలో ఈ సన్నివేశానికి ఒక్క పంక్తి కూడా లేదు. రెండు పేజీలు ఇవ్వు.

చూసే పద్ధతి చెబుతాను. ఒకే సన్నివేశాన్ని మూడుసార్లు చూడు. మొదటిసారి ధ్వని ఆపేసి చూస్తూ చేతులు, భుజాలు, చూపు ఎటు పోతోందో రాసుకో. రెండోసారి తెర మూసి వినికిడి మీదే ఉండు. ఎక్కడ ఊపిరి తీసుకుంది, ఏ మాట నొక్కింది? మూడోసారి ఆమెను వదిలేసి కెమెరాను చూడు. ఎంత దూరంలో ఉంది, ఆమె మాట్లాడుతుండగా కట్ చేశారా, వినేవాడి ముఖం చూపించారా? సెకన్లతో సహా ఒక కాగితం మీద వేసుకుంటే వ్యాసం సగం అయినట్టే. "అద్భుతంగా నటించింది" అనే మాట రాయాల్సిన అవసరం ఇక రాదు.

మూకీల దగ్గర ఈ లెక్క తప్పుతుంది, జాగ్రత్త. 35 మిల్లీమీటర్ల ఫిల్మ్‌లో మీటరుకు సుమారు 52.5 ఫ్రేములు ఉంటాయి. వెయ్యి మీటర్ల రీళ్ళు సెకనుకు 18 ఫ్రేముల వేగంతో ఆడితే 48 నిమిషాలు దాటుతాయి, 24తో ఆడితే 36 నిమిషాల చిల్లరలో అయిపోతాయి. మూకీలకు ఒకటే వేగం అంటూ లేదు. పాత ప్రింట్లను టాకీ వేగంతో కాపీ చేసి పెట్టినవి ఇంకా తిరుగుతున్నాయి. అలాంటి కాపీలో ఆమె నాలుగు నిమిషాలు కనిపిస్తే, 18 వేగంతో తీసిన సినిమాకు అది అయిదు నిమిషాల ఇరవై సెకన్లు. అంతకంటే ముఖ్యం, ఆ కాపీలో అందరూ బొమ్మల్లా గబగబా కదులుతారు. అది చూసి "ఆనాటి అతినటన" అని తీర్పు చెప్పిన వ్యాసాలు చాలా ఉన్నాయి. తప్పు నటిది కాదు, కాపీ వేగానిది.

మీటర్లు ఎక్కడ దొరుకుతాయంటావా? జర్మనీలో 1920 మే 12 నాటి సినిమా చట్టం తర్వాత ప్రతి చిత్రమూ బెర్లిన్‌లోనో మ్యూనిక్‌లోనో సెన్సారు ముందుకు వెళ్ళాలి. అక్కడ ఇచ్చే సెన్సారు కార్డు మీద పొడవు మీటర్లలో, ఎన్ని అంకాలో, కోతలు ఉంటే ఏం కోశారో ఉంటుంది. మూకీ అయితే తెర మీద వచ్చే రాతలన్నీ వరుసగా అచ్చేసి ఉంటాయి. సినిమా పూర్తిగా పోయినా ఆ రాతలను బట్టి ఆమె పాత్ర ఎక్కడ వచ్చిందో చాలాసార్లు పట్టుకోవచ్చు. "ఎం" అసలు పొడవు 3208 మీటర్లు, అంటే 117 నిమిషాలు. ఇప్పుడు మనం చూసే పునరుద్ధరించిన ప్రతి 110 నిమిషాల దగ్గర ఆగిపోతుంది. ఏ నటి నిడివి గురించి రాసినా "ఇప్పుడు మిగిలిన ప్రతిలో" అన్న మాట తప్పకుండా చేర్చు.

ఎందుకంటే సినిమా పొడవు తగ్గించాల్సి వస్తే ముందు పోయేది చిన్న పాత్రలే, కూరలో కరివేపాకు లాగా. 1927 జనవరిలో "మెట్రోపోలిస్" 4189 మీటర్లతో విడుదలైంది. తర్వాత కత్తిరించారు. ఫ్రిట్స్ రాస్ప్ వేసిన గూఢచారి పాత్రలో చాలా భాగం అలా ఎగిరిపోయింది. 2008లో బ్యూనోస్ ఐరిస్‌లో 16 మిల్లీమీటర్ల కాపీ బయటపడే దాకా అతను ఆ సినిమాలో ఏం చేశాడో సరిగ్గా చూసే దారే లేదు. కత్తిరించిన ప్రతి చూసి "చిన్న పాత్ర" అని రాసినవాళ్ళందరూ పప్పులో కాలేసినట్టే.

"టార్ట్యూఫ్" సినిమా మీద నీ పేరా బాగుంది కానీ తొందరపడ్డావు. అందులో వాలెట్టీ ఉండేది ఫ్రెంచి నాటకకర్త మోలియేర్ రాసిన కపటి భక్తుడి కథలో కాదు, దాని చుట్టూ అల్లిన, సినిమా తీసిన కాలపు కథలో. ముసలాయనకు విషం పెడుతూ ఆస్తి రాయించుకునే ఇంటి పనిమనిషి ఆమె. మనవడు సంచార సినిమావాడి వేషంలో వచ్చి, ఆమెను పొగిడి లోపలికి దూరి, ఇంట్లోనే ఆ కపటి కథను సినిమాగా ఆడిస్తాడు. అంటే కపటి మనిషే కపటి మీద సినిమా చూస్తూ కూర్చుంటుంది. లోపలి కథ మెత్తటి వెలుగులో, పట్టుబట్టల్లో నడిస్తే, బయటి కథలో ముఖాలకు ఏ పూతా లేకుండా, ముడతలు, చర్మం రంధ్రాలు కనిపించేంత దగ్గరగా తీశారు. నువ్వు "వికారంగా కనిపించింది" అని రాశావు. వికారం కాదమ్మా, అది దర్శకుడు కావాలని ఎంచుకున్న పద్ధతి. ఆ ముఖాన్ని అలా కెమెరాకు అప్పగించడంలోనే ఆమె పనితనం ఉంది. పొగడ్తకు ఆ ముఖం ఎలా మెత్తబడుతుందో సెకను సెకనూ రాయి.

ఆ సినిమా బెర్లిన్‌లో గ్లోరియా పలాస్ట్‌లో 1926 జనవరి 25న విడుదలైంది. ఆమె పుట్టింది 1876 జనవరి 25న. సరిగ్గా యాభై ఏళ్ళు. రెండు తేదీలూ పక్కపక్కన పెట్టు, అక్కడితో వదిలెయ్. "ఆ రాత్రి ఆమె గుండె ఉప్పొంగింది" అని నువ్వు రాసిన వాక్యం తీసెయ్యాలి. దానికి ఆధారం లేదు.

వాలెట్టీకి సినిమా సగం జీవితమే. 1920లో కాబరే, అంటే పాటలతో వ్యంగ్యంతో నడిచే చిన్న వేదిక, మొదలుపెట్టింది, పేరు "గ్రోసెన్‌వాన్". గొప్పల పిచ్చి అని అర్థం, అది ఆ కాబరే నడిచిన కాఫీ హోటలుకు జనం పెట్టుకున్న ముద్దుపేరే. రచయిత టుఖోల్స్కీ రాసిన యుద్ధ వ్యతిరేక పాట "ఎర్ర రాగం" పాడింది ఆమే. 1928 ఆగస్టు 31న "త్రీపెన్నీ ఒపేరా" సంగీత నాటకం తొలి ప్రదర్శనలో మిసెస్ పీచమ్ పాత్ర ఆమెదే. అందులో లైంగిక దాస్యం మీద పాట పాడనని మొండికేస్తే ఆ పాట తొలి ప్రదర్శనలో లేకుండా పోయింది. ఈ రంగస్థల గొంతు తెలియకపోతే టాకీలు రాగానే ఆమెకు పని ఎందుకు దొరికిందో అర్థం కాదు. 1930లో "బ్లూ ఏంజెల్"లో గారడీవాడి భార్య గుస్టె. ఆ చిత్రాన్ని జర్మన్‌లోనూ ఇంగ్లీషులోనూ ఒకేసారి తీశారు, రెండూ పక్కపక్కన పెట్టి చూడు. పెళ్ళి విందులో గారడీవాడు కథానాయకుడైన ప్రొఫెసర్ ముక్కులోంచి గుడ్లు తీస్తుంటే అందరి కళ్ళూ ప్రొఫెసర్ మీదే ఉంటాయి. నువ్వు గుస్టెను వెతుకు.

డబ్బు లెక్కలు రాసేటప్పుడు తేదీ లేకుండా జర్మన్ నాణెం మార్కుల అంకె రాయకు. 1923 నవంబరులో ఒక డాలరు 4.2 లక్షల కోట్ల మార్కులు. ఆ ఏడు వేసవి జీతం వేరు, శరత్కాలం జీతం వేరు.

పేర్ల విషయం. ఆమె అసలు ఇంటిపేరు వాలెట్టీ కాదు, ఫాలెంటిన్. నటుడు హెర్మాన్ ఫాలెంటిన్ ఆమె అన్న. మ్యూనిక్ హాస్యనటుడు కార్ల్ ఫాలెంటిన్‌తో వీళ్ళకు చుట్టరికం లేదు, వెతుకులాటలో కలిసిపోతారు. జర్మన్ "వి" మామూలుగా "ఫ", ఇటాలియన్ పోకడ పేరు కాబట్టి వాలెట్టీలో "వ". "ఎస్" తర్వాత అచ్చు వస్తే "జ", కనుక మన రోజాయే. ఇంకొక చిక్కు ఉంది. ఆనాటి బెర్లిన్ దినపత్రికలు ఎక్కువగా ఫ్రాక్టూర్ అనే పాతకాలపు జర్మన్ అచ్చులో ఉండేవి. అందులో పదం మధ్యలో వచ్చే పొడుగు "ఎస్" అచ్చం "ఎఫ్"లా ఉంటుంది. స్కాన్ చేసిన యంత్రం రోజాను "రోఫా" అని చదివేస్తుంది. నీకు సమీక్షలు దొరకలేదన్నావు కదా, "ఎస్" బదులు "ఎఫ్" పెట్టి మళ్ళీ వెతుకు.

చివరి భాగం కుదించు, కానీ తేదీలు వదలకు. 1933 మార్చి 29న ఊఫా సినిమా సంస్థ యూదు ఉద్యోగులను తీసేయాలని తీర్మానించింది. అదే ఏడు ఏర్పడిన ఫిల్మ్ ఛాంబర్‌లో సభ్యత్వం లేనివారికి జర్మనీలో సినిమా పని లేదు. యూదురాలైన వాలెట్టీ దేశం విడిచింది. 1937 డిసెంబరు 10న వియన్నాలో చనిపోయింది. ఇంకో మూడు నెలలకు హిట్లర్ సైన్యం ఆ ఊళ్ళోకి వచ్చింది. పోలిక కావాలంటే ఇల్కా గ్రూనింగ్‌ను తీసుకో. బెర్లిన్‌లో నటన నేర్పిన గురువు, నటి లిల్లీ పామర్ ఆమె శిష్యురాలు. 1942లో "కాసాబ్లాంకా"లో అమెరికా వెళ్ళబోయే ముసలి దంపతుల్లో భార్య. గంట ఎంతైందో అడగడానికి జర్మన్ మాటలనే ఇంగ్లీషులోకి మార్చుకుని వచ్చీరాని భాషలో అభ్యాసం చేస్తుంటారు. ఉచ్చారణే ఉపాధి అయిన మనిషికి ఆ పాత్ర దొరికింది. ఒక పేరా చాలు.

రెండో ప్రతి "ఎం" సన్నివేశంతో మొదలుపెట్టి పంపు. దానితో పాటు స్టాప్‌వాచ్ కాగితం కూడా జతచెయ్, కొట్టివేతలతో సహా అలాగే ఉంచు.