సెకండ్‌హ్యాండ్ ఫోర్ బై ఫోర్: పెట్రోలు బండా, డీజిల్ బండా?

మీ ప్రశ్న ఇది: ఇల్లు హనుమకొండలో, ఆఫీసు ఇంటికి అయిదు కిలోమీటర్ల లోపే, నెలకోసారి నర్సంపేట దాటి పాకాల వైపు ఉన్న పొలానికి పోయి రావాలి, వానాకాలంలో అక్కడ చివరి మూడు నాలుగు కిలోమీటర్లు రేగడి బాట. 2021 నాటి మహీంద్రా థార్‌లు (నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే ఫోర్ బై ఫోర్ బండ్లు) రెండు చూశారు, ఒకటి పెట్రోలు, ఒకటి డీజిల్, డీజిల్ దానికి లక్ష రూపాయలు ఎక్కువ అడుగుతున్నారు. మాకు ములుగు అవతల వ్యవసాయం ఉంది. చాలా ఏళ్ళు పాత డీజిల్ జీపు నడిపి, ఇప్పుడు పెట్రోలు ఫోర్ బై ఫోర్ నడుపుతున్నాను కనుక రెండింటి సంగతీ కొంత తెలుసు. మీకు పెట్రోలు బండే సరిపోతుందని నా అభిప్రాయం. డీజిల్ ఇంజిన్ మంచిది కాదని కాదు, మీ బండి రోజూ తిరిగే దూరం మరీ తక్కువ కావడమే అందుకు కారణం.

పాత డీజిల్ ఇంజిన్లను చూసిన మన పెద్దవాళ్ళు ‘డీజిల్ బండికి తిరుగులేదు’ అంటే ఆ మాట ఆ కాలానికి నిజమే. 2020 ఏప్రిల్ 1 నుంచి పొగ కాలుష్యం మీద బీఎస్-6 నిబంధనలు వచ్చాక డీజిల్ బండ్ల సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అనే జల్లెడ చేరింది. ఇంజిన్ వదిలే మసిని అది పట్టి ఉంచుకుంటుంది, నిండుతున్నకొద్దీ ఆ మసిని తనలోనే కాల్చి బూడిద చేసుకోవాలి. అలా కాలడానికి దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. ఆ వేడి రావాలంటే బండి హైవే మీద ఆగకుండా పావుగంటో ఇరవై నిమిషాలో ఒకే తీరు వేగంతో పోవాలి. నయీంనగర్ నుంచి సుబేదారి దాకా సిగ్నళ్ళ మధ్య ఆగుతూ పోయే బండి ఇంజిన్ పూర్తిగా వేడెక్కక ముందే ఆఫీసు వచ్చేస్తుంది.

నర్సంపేటలో ఉండే మా బావమరిదికి సరిగ్గా ఇదే జరిగింది. ఆయన బీఎస్-6 డీజిల్ బండి పిల్లల్ని బడిలో దించడానికి, దుకాణానికి పోయి రావడానికి తప్ప ఊరు దాటేది కాదు. డ్యాష్‌బోర్డులో డీపీఎఫ్ లైటు వెలిగినప్పుడల్లా వరంగల్ రోడ్డు మీద కొంత దూరం నడిపి ఆర్పేవాడు, కొన్నాళ్ళకు అదీ పని చేయలేదు, బండి పికప్ పడిపోయింది. నేను ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ తీసి చూస్తే ఇంజిన్ ఆయిల్ పై గీత కంటే వేలెడు పైకి ఉంది, వాసన చూస్తే డీజిల్ కంపు. మసిని కాల్చడానికి ఇంజిన్ అదనంగా చిమ్మే డీజిల్ పూర్తిగా కాలకపోతే సిలిండర్ గోడల వెంట కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుంది. పలచబడిన ఆ ఆయిల్‌తో బండి నడిపితే బేరింగులకూ, ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపే టర్బోకూ ముప్పు. మెకానిక్ దగ్గర కంప్యూటర్ పెట్టి ఆ మసిని బలవంతంగా కాల్పించి, ఆయిల్ మార్పించాల్సి వచ్చింది. ఆయన ఇప్పుడు వారానికోసారి పనిగట్టుకుని ములుగు దాకా పోయి వస్తాడు, మా చెల్లెలు దాన్ని తీర్థయాత్ర అంటుంది.

ఇక డబ్బు లెక్క. మన దగ్గర కొన్నేళ్ళుగా పెట్రోలుకు, డీజిల్‌కు తేడా లీటరుకు 12 రూపాయలకు అటూఇటూగానే ఉంటోంది. పెట్రోలు 107, డీజిల్ 96 అనుకుని, పెట్రోలు బండి లీటరుకు తొమ్మిది కిలోమీటర్లు, డీజిల్ బండి పన్నెండు ఇస్తాయనుకుంటే కిలోమీటరుకు దాదాపు నాలుగు రూపాయలు డీజిల్‌లో మిగులుతాయి. మీరు ఆఫీసుకు, పొలానికి కలిపి నెలకు 350 కిలోమీటర్లకు మించి తిరగరు. అంటే ఏడాదికి మిగిలేది పదిహేడు వేల లోపే, ముందే ఎక్కువ పెట్టిన లక్ష రూపాయలు తిరిగి రావడానికి ఆరేళ్ళు పడుతుంది. ఈలోపు డీజిల్‌ను చిమ్మే ఇంజెక్టర్లలో ఒక్కటి చెడినా ఆ లెక్కంతా తారుమారవుతుంది. 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద నియంత్రణ ఎత్తేయక ముందు రెండింటి మధ్య తేడా చాలా ఎక్కువగా ఉండేది, చాలామంది ఇప్పటికీ ఆనాటి లెక్కతోనే సలహా ఇస్తారు.

పెట్రోలుకు లాగే బలం ఉండదు, బురదలో దిగబడుతుంది అని మీ మిత్రులు చెప్పిన మాట సగమే నిజం. మారుతీ వాళ్ళ పాత జిప్సీకి, ఇప్పటి జిమ్నీకి ఆ మాట వర్తిస్తుంది. జిమ్నీ ఇంజిన్ టర్బో లేని 1.5 లీటర్ల పెట్రోలు, దాని టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం, 134 న్యూటన్ మీటర్లు, అదీ ఇంజిన్ నిమిషానికి 4,000 చుట్లు తిరిగేటప్పుడు, కాబట్టి బురదలో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాలి. బండి తేలిక కావడం దానికి కలిసొస్తుంది. 2020 అక్టోబరులో వచ్చిన థార్ పెట్రోలు అలా కాదు. అది 2 లీటర్ల టర్బో ఇంజిన్, మాన్యువల్‌లో 300 న్యూటన్ మీటర్లు ఇస్తుంది, 2.2 లీటర్ల డీజిల్ ఇచ్చేదీ అంతే. ఫోర్-లో (నాలుగు చక్రాలూ నెమ్మదిగా, ఎక్కువ బలంతో తిరిగే అమరిక) వేసి మొదటి గేరులో వదిలితే రెండూ నింపాదిగా లాక్కుపోతాయి. నల్లరేగడి టైరు గాళ్ళలో పేరుకుని చక్రం నున్నటి బంతిలా అయినప్పుడు ఇంజిన్ ఏదైనా ఒకటే, అప్పుడు కాపాడేది మంచి టైర్లే. కాబట్టి మిగిలే లక్షలో కొంత ఆల్ టెర్రైన్ టైర్ల మీద పెట్టమని చెబుతాను.

వాగుల గురించి ఒక్క మాట. డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్గులు ఉండవు కనుక నీళ్ళలో ఆగదని ధైర్యం చెప్పేవాళ్ళు మన వైపు ఎక్కువ. గాలి పీల్చే గొట్టంలోకి నీళ్ళు పోతే ఏ ఇంజిన్ కనెక్టింగ్ రాడ్ అయినా వంగుతుంది, కంప్రెషన్ ఎక్కువ కాబట్టి డీజిల్‌లో దెబ్బ ఇంకా గట్టిది. 2023 జులైలో భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లిని వరద ముంచెత్తడం చూసిన జిల్లాల వాళ్ళం, లోలెవల్ వంతెన మీద నీళ్ళు పారుతుంటే ఇవతలే ఆగాలి.

బండి చూడ్డానికి పోయేటప్పుడు ఇంజిన్ చల్లగా ఉండగానే, అంటే పొద్దున్నే, ముందే స్టార్ట్ చేసి పెట్టవద్దని చెప్పి వెళ్ళండి. డీజిల్ బండి అయితే సైలెన్సర్ చివర తెల్లటి గుడ్డ లోపలికి పెట్టి తుడవండి. డీపీఎఫ్ సరిగ్గా ఉన్న బండికి ఆ గుడ్డ దాదాపు శుభ్రంగానే వస్తుంది, కాటుకలా నల్లగా వచ్చిందంటే లోపలి జల్లెడ పగిలిందనో, ఎవరో దాన్ని తీసేయించారనో అనుమానించాలి. ఏ బండికైనా ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత విప్పి బోర్లించి పెట్టి చూడండి, ఆవిరి గట్టిగా తన్ని మూత ఎగిరిపడుతుంటే పిస్టన్ రింగులు అరిగాయన్నమాట. తర్వాత మట్టి నేల మీద ఫోర్-హై, ఫోర్-లో రెండూ వేయించి నడపండి. తారు రోడ్డు మీద ఆ పరీక్ష వద్దు, ముందు చక్రాలు, వెనక చక్రాలు ఒకే వేగంతో తిరగాల్సి రావడంతో మలుపుల్లో గేర్ల మీద ఒత్తిడి పడుతుంది. నాలుగు టైర్లూ ఒకే సైజువేనా అన్నదీ అందుకే చూడాలి. ఇంకా కొత్త థార్ ఏదైనా చూస్తే, అసలు క్యాబిన్‌లో ఫోర్ బై ఫోర్ లివర్ ఉందో లేదో మొదట చూడండి. 2023 జనవరి నుంచి వెనక చక్రాలతోనే నడిచే థార్‌లు కూడా అమ్మారు, బయటి నుంచి చూస్తే తేడా అంతగా తెలియదు.

ఢిల్లీ నుంచి తెచ్చిన డీజిల్ బండ్లు చవకగా కనిపిస్తాయి. అక్కడ పదేళ్ళు దాటిన డీజిల్, పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బండ్ల మీద ఆంక్షలు పెట్టడమే దానికి కారణం. మన దగ్గర ఆ పదేళ్ళ నియమం లేదు, కానీ ఎన్‌ఓసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్సు కలుపుకుని ధర చూసుకోవాలి.

పెట్రోలు బండికి ఉన్న లోటు కూడా చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, 2023 ఏప్రిల్ కంటే ముందు తయారైన బండ్లు ఎక్కువగా దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. మైలేజీ కొద్దిగా తగ్గుతుంది, ఇంధనం పోయే రబ్బరు గొట్టాలను సర్వీసులో ప్రతిసారీ చూపించుకోవాలి. వారాల తరబడి బండి తీయకుండా ఉంచితే ట్యాంకు నిండుగా ఉంచడం మేలు, ఖాళీ జాగాలో గాలి తేమను ఇథనాల్ పీల్చుకుంటుంది.

మీకు ఏటూరునాగారం వైపు ఉద్యోగం పడి వారానికి మూడు నాలుగు సార్లు వంద కిలోమీటర్లు తిరగాల్సి వస్తే నేను డీజిలే తీసుకోమనేవాణ్ణి. ఫార్చ్యూనర్, స్కార్పియో-ఎన్ లాంటి పెద్ద బండి కావాలన్నా అంతే, వాటిలో ఫోర్ బై ఫోర్ డీజిల్‌లోనే వస్తుంది. ఇప్పుడున్న పరిస్థితిలో మాత్రం ఆ పెట్రోలు థార్ దగ్గరికే ఇంకోసారి, ఈసారి మీ మెకానిక్‌ను వెంటబెట్టుకుని పొద్దున్నే వెళ్ళండి.