తాతయ్య చొక్కాల మీద కత్తెర పెట్టే ముందు

చిన్నీ,

ఎవరో అమ్మేస్తున్న కుట్టుమిషన్ కొన్నావనీ, తాతయ్య చొక్కాలన్నీ కత్తిరించి బొంత కుడతానంటున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. విన్నప్పటి నుంచీ ఒక పక్క గర్వంగా ఉంది, ఇంకో పక్క గుండె దడగా ఉంది. మన ఇంట్లో మీ తరంలో సూది పట్టింది నువ్వొక్కదానివే. అది తలుచుకుంటే ఇప్పుడే బయల్దేరి వచ్చి నీ పక్కన కూర్చోవాలనిపిస్తోంది. కానీ అవి మా నాన్న చొక్కాలు. ఒకసారి కత్తెర పడిందంటే మళ్లీ చొక్కాలు కావు. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా" అనేసి మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను.

ముందు చిన్నచిన్నవి చెప్పేస్తాను. గుడ్డ కత్తెరతో కాగితం కత్తిరించకు. కుట్టు వేసిన ప్రతిసారీ దాన్ని ఇస్త్రీ చేశాకే తర్వాతి ముక్క కలుపు. మిషన్‌కి వంటనూనె పెట్టకు, ఎండి జిడ్డుగా పట్టేసి చక్రం తిరగనివ్వదు. మిషన్ నూనె ఒక్క చుక్క చాలు. పాత బట్ట నూగు బాగా రాలుస్తుంది కాబట్టి అడుగుదారం చుట్టే కండె, అదే బాబిన్, దాని కింద తరచూ బ్రష్‌తో తుడువు. పైదారం ఎక్కించేటప్పుడు గుడ్డని నొక్కిపట్టే ఫుట్ పైకెత్తి ఉంచు. దించి ఉంటే దారం దాని బిగువు పట్టే టెన్షన్ బిళ్లల మధ్యకి దిగదు, గుడ్డ అడుగున అంతా ఉండలు కడుతుంది. అడుగున చిక్కు కనబడగానే అందరూ బాబిన్‌ని తిడతారు, తప్పు చాలాసార్లు పైదారానిదే.

ఇప్పుడు అసలు మాట. నీ మొదటి పని తాతయ్య చొక్కా కాకూడదు. మిగతావాటిలో నీ ఇష్టం, ఈ ఒక్క విషయంలో నా మాట దాటకు.

ఇంట్లో అరిగిన దుప్పటి ఒకటి ఉండే ఉంటుంది. దుప్పటి ఎప్పుడూ నడిమధ్యే పల్చబడుతుంది, పక్కలు గట్టిగా ఉంటాయి. నిలువునా మధ్యకి చీల్చు. గట్టిగా ఉన్న రెండు పక్క అంచుల్నీ కలిపి కుట్టు. అరిగిన భాగం ఇప్పుడు చివరలకి వస్తుంది, అక్కడ మరీ పల్చగా ఉన్నంత మేర కోసేసి అంచు మడిచి కుట్టెయ్యి. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్‌లో బట్టలకు రేషన్ పెట్టారు, 1941లో మొదలైంది 1949 దాకా సాగింది. ఆ రోజుల్లో అక్కడి ఇళ్లలో దుప్పట్లని ఇలాగే నిలబెట్టుకున్నారు. ఇందులో ఉన్నదంతా పొడవాటి తిన్నని కుట్టే, మిషన్‌కీ నీ కాలికీ పొత్తు కుదరడానికి అంతకన్నా మంచి పని లేదు.

తర్వాత మీ ఆయన తొడగడం మానేసిన చొక్కా ఒకటి తీసుకుని దిండు గలీబు కుట్టు. అడిగి తీసుకో తల్లీ. మానేసినట్టు కనిపించేవాటిలోనే మగవాళ్లకి ప్రాణం ఉంటుంది. గుండీలన్నీ పెట్టేసి, చొక్కాని తిరగేసి బల్ల మీద పరిచి, ముందూ వెనకా కలిపి చదరంగా కత్తిరించు. పదహారు అంగుళాల దిండుకి పదిహేడు అంగుళాల చదరం, చుట్టూ అర అంగుళం కుట్టులోకి పోతుంది. నాలుగు వైపులా కుట్టేసి, గుండీలు విప్పి అందులోంచి బయటికి తిరగేస్తే గలీబు తయారు. జిప్పు అక్కర్లేదు, కాజాలు కుట్టనక్కర్లేదు. ఒక్కటే చూసుకో: కుట్టు వెళ్లే దారిలో గుండీ ఉంటే ముందే తీసెయ్యి, సూది దాని మీద పడితే విరిగి ఎగురుతుంది.

జీన్స్ ప్యాంటుతో సంచి కుట్టాలంటే పదహారో నంబరు సూది వెయ్యి, మందంగా ఉన్న మడతల మీద కాలు తీసేసి చేత్తో చక్రం తిప్పు. టీషర్టు అంచులు దారాలు ఊడవు కానీ చుట్టుకుపోతాయి, సాగే గుడ్డకి మొన గుండ్రంగా ఉండే బాల్ పాయింట్ సూది లేకపోతే కుట్లు తప్పిపోతాయి. వేడి గిన్నెలు పట్టుకునే గుడ్డ మాత్రం అచ్చమైన నూలు బట్టతోనే కుట్టు. పాలిస్టర్ కలిసిందైతే వేడికి కరిగి చేతికి అతుక్కుంటుంది.

ఇక మీ అమ్మ సంగతి చెప్పాలి. ఈ ఉత్తరం తనకీ చూపించు, కోప్పడదు.

మీ అమ్మకి అప్పటికి ఇంకా పెళ్లి కాలేదు. కుట్టు నాకంటే బాగా వచ్చు. మా అమ్మ కట్టి కట్టి మెత్తబడిన నూలు చీరలు ఒక మూట ఉండేవి. వాటితో బొంత కుట్టి అమ్మకి ఇవ్వాలని దాని ఆశ. ఎవరికీ తెలియకుండా, అందరూ పడుకున్నాక కూర్చుని కుట్టింది. అడుగున వెయ్యడానికి మంచి కొత్త తెల్లగుడ్డ తెచ్చింది. ఊడిపోకూడదని కుట్లు వీలైనంత సన్నగా, దగ్గరదగ్గరగా వేసింది. దారం కూడా తెగనిది కావాలని గట్టి పాలిస్టర్ దారం పెట్టింది. అన్నీ ప్రేమతో చేసినవే, అన్నీ పాత బట్టకి పడనివే.

బొంత చూసి మా అమ్మ మురిసిపోయింది. వచ్చినవాళ్లందరికీ తెరిచి చూపించింది. కొన్నాళ్లకి మాసిందని నానబెట్టి ఉతికింది. తడి బొంత రెండు చేతులా పైకెత్తగానే పర్రుమని చప్పుడైంది. ఒక వరస కాదు, చాలా వరసలు, పోస్టాఫీసు స్టాంపులు చింపినట్టు కుట్టు వెంబడే చిరిగాయి. ఆరాక చూస్తే చిరగని చోట కూడా గుడ్డంతా ముడతలు పడి కుంచించుకుపోయింది.

ఏం జరిగిందో నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది, నీకు ఒక్క పేరాలో చెబుతున్నాను, గట్టిగా పట్టుకో. నేసేటప్పుడు పడుగు దారాలని, అంటే నిలువు దారాలని, లాగి బిగిస్తారు. మొదటిసారి నీళ్లలో పడ్డప్పుడు ఆ బిగువు వదిలి గుడ్డ ముడుచుకుంటుంది. మామూలు కొత్త నూలు గుడ్డ నూటికి మూడు నుంచి ఐదు పాళ్లు, కొన్నయితే అంతకన్నా ఎక్కువే కుదించుకుంటాయి. రెండు మీటర్ల గుడ్డకి ఐదు పాళ్లంటే పది సెంటీమీటర్లు. చీరలు ఏనాడో ముడుచుకోవడం అయిపోయినవి, అడుగు గుడ్డ అప్పుడే మొదలుపెట్టింది. ముడతలు అందుకు. చిరగడానికి కారణం వేరు. సన్నటి కుట్టంటే ఎక్కువ చిల్లులు. అరిగిన గుడ్డలో దగ్గరదగ్గరగా చిల్లులు పొడిచి, తెగని దారంతో బిగించి, దాని మీద నీళ్లు పీల్చిన బరువంతా వేలాడదీస్తే గుడ్డే ఓడిపోతుంది. పాత బట్ట కుట్టినప్పుడు ఏదైనా తెగాల్సి వస్తే దారం తెగాలి. దారం తెగితే మళ్లీ కుట్టుకుంటాం, గుడ్డ చిరిగితే ఏం చేస్తాం?

మా అమ్మ ఒక్క మాట అనలేదు. మీ అమ్మ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు అమ్మే చిరిగిన బొంత ముందేసుకుని, గట్టిగా ఉన్న ముక్కలు ఏరి, మీ అమ్మని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. ఇద్దరూ కలిసి చేతికుట్టుతో గలీబులు కుట్టారు. మీ అమ్మ బీరువాలో పై అరలో ఎర్ర అంచు గలీబు ఒకటి ఉంటుంది చూడు, ఎవర్నీ ముట్టుకోనివ్వదు, అదే. నువ్వు చిన్నప్పుడు దాన్ని లాగి దెబ్బలు తిన్నావు. ఎందుకు కొట్టిందో ఇప్పుడు తెలిసింది కదా.

అందుకని నాన్న చొక్కాలు చేతిలోకి తీసుకున్నాక ఇలా చెయ్యి. అన్నీ ఒకసారి ఉతికి ఆరెయ్యి. అడుగున వేసే కొత్త గుడ్డని వేడి నీళ్లలో రెండుసార్లు ఉతుకు, లోపల వేసేది ఇంకేదైనా ఉంటే దాన్నీ అంతే. చొక్కా జేబు కింద ఇంకు మరక కనిపిస్తుంది. నాన్న పెన్ను మూత ఎప్పుడూ సరిగా పెట్టేవాడు కాదు. మరక పోవాలని బ్లీచింగ్ వెయ్యకు, నూలు దారాన్ని అది తినేస్తుంది. ఆ మరక ఉన్న ముక్క నాకైతే బొంత మధ్యలో ఉండాలనిపిస్తుంది, నీ ఇష్టం.

తర్వాత ఒక్కో చొక్కా కిటికీకి ఎదురుగా పట్టి చూడు. వెలుతురు జల్లుగా పడే చోట గుడ్డ అయిపోయినట్టే. అనుమానం ఉన్న చోట రెండు బొటనవేళ్లతో పట్టుకుని లాగు, దారాలు జరిగినా, పుటుక్కుమన్నా ఆ ముక్క పక్కన పెట్టు. కాలర్ మడత, చంకల కింద, కుడి మోచెయ్యి ముందు చూడు. రాసుకునేటప్పుడు బల్ల మీద ఆ చెయ్యే ఆనించేవాడు. వదల్లేని ముక్క పల్చగా ఉంటే వెనక ఇస్త్రీతో అంటుకునే పల్చటి గుడ్డ వేసి కత్తిరించు. అన్నిటికన్నా పెద్ద, మంచి ముక్క వీపు దగ్గర దొరుకుతుంది, తర్వాత చేతులు. కుట్లన్నీ కూర్చుని విప్పకు, ప్రాణం విసుగెత్తుతుంది. కుట్టు పక్కనుంచే కత్తిరించెయ్యి. గుండీలు మాత్రం దారానికి గుచ్చి దాచు.

ఆయన చొక్కాల్లో చాలావరకు టెరికాటన్, అంటే నూలూ పాలిస్టరూ కలిసినవి ఉంటాయి. ఏది నూలో ఏది కాదో తెలియాలంటే లోపలి మడతలోంచి చిన్న పీలిక కోసి, పట్టకారుతో పట్టుకుని, నీళ్లున్న గిన్నె మీద అంటించు. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద అవుతుంది. పాలిస్టర్ ఉంటే కరిగి గట్టి పూస మిగులుతుంది. బాబు నిద్రపోయాకే ఈ పని, కరిగిన బొట్టు చర్మం మీద పడితే అంటుకుని కాలుతుంది. టెరికాటన్ ముక్కలకి ఇస్త్రీ వేడి తగ్గించు.

అట్టతో ఆరు అంగుళాల చదరం చేసుకుని, దాన్ని గుడ్డ నిలువు దారానికి తిన్నగా పెట్టి కత్తిరించు. ఏటవాలుగా కోసిన ముక్క సాగుతుంది, వరస వంకర పోతుంది. సూది పదకొండో నంబరో పద్నాలుగో చాలు, కొత్తది వెయ్యి. నూలు దారం పెట్టు. కుట్టు పొడవు 2.5 నుంచి 3 మిల్లీమీటర్ల మధ్య ఉంచు. పాత మిషన్ మీద అంగుళానికి ఇన్ని కుట్లని అంకెలు ఉంటే పది దగ్గర పెట్టుకో, 2.5 అంటే అదే. కలిపిన అంచులు రెండూ ఒకే వైపుకి ఇస్త్రీ చెయ్యి, విప్పి చేసినదానికంటే కుట్టు మీద లాగుడు తక్కువ పడుతుంది. పొరలు కలపడానికి మాత్రం మిషన్ వాడకు. చేత్తో దూరకుట్టు వెయ్యి. బెంగాల్ కాంథాలు అలాగే పుట్టాయి, పాత చీరలూ పంచెలూ పొరలుగా పేర్చి, చీర అంచుల్లోంచి లాగిన దారంతోనే కుట్టుకునేవాళ్లు. అరిగిన గుడ్డకి దాని ఈడు దారమే సరి, దూరకుట్టు వేస్తే బరువు ఒకచోట పడకుండా బొంతంతా పంచుకుంటుంది.

నాకు రాత్రి నిద్ర పట్టనిది ఇంకోటుంది, సూదులు. బాబు పాకుతున్నాడు, దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటున్నాడని మీ అమ్మ చెప్పింది. గుండుసూదులు ఎన్ని తీశావో లెక్కపెట్టి తియ్యి, లేచేటప్పుడు అన్నీ మూత ఉన్న డబ్బాలోకి వచ్చాయో లేదో మళ్లీ లెక్కపెట్టు. ఒక్కటి తగ్గినా అయస్కాంతంతో నేలంతా వెతికాకే వాణ్ణి కిందికి దించు. మిషన్ సూది విరిగితే ముక్కలు పక్కపక్కన పెట్టి చూడు, మొత్తం సూది పొడవు వచ్చే దాకా వెతకాల్సిందే. సూది మార్చేటప్పుడు కరెంటు ప్లగ్ తియ్యి, కాలు పొరపాటున పెడల్ మీద పడుతుంది. బొంత అయ్యాక వాడికి కప్పాలని తొందరపడకు. ఏడాది నిండే దాకా పసిపిల్లలు పడుకునే చోట బొంతలూ దిండ్లూ పెట్టొద్దని పిల్లల డాక్టర్లు చెబుతారు. వాడి వస్తువుల మీద గుండీలు కూడా వద్దు.

ఇంతా చదివి భయపడి మిషన్ మీద గుడ్డ కప్పేయకు నాన్నా. నువ్వు కుట్టాలి. ఆ చొక్కాలు మూటలోనే మగ్గిపోతే ఎవరికి లాభం? ఆయన బతికుంటే నీ పక్కన కుర్చీ వేసుకుని దారం ఎక్కించి ఇచ్చేవాడు.

ముందు దుప్పటి, తర్వాత గలీబు. రెండూ ఫొటో తీసి పంపు, వెనక వైపు కుట్టు కనబడేలా. అవి చూశాక చెబుతాను చొక్కాలు ఎప్పుడు మొదలుపెట్టాలో. నీలం గీతల చొక్కా, ఎడమ జేబు మీద రెండు గుండీలు ఉన్నది, అది మాత్రం కత్తిరించకు. మడిచి నాకు పంపించు.

మీ పెద్దమ్మ