నేరాల మీద ఎకనామిక్స్‌లో పరిశోధన చేయొచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి?

"ఇది సోషియాలజీ వాళ్ల పని కదా" అని కూడా అడిగారు. 1968లో అమెరికా ఆర్థికవేత్త గ్యారీ బెకర్ వ్యాసం వచ్చిన దగ్గర్నుంచి మన ఎకనామిక్స్ వాళ్ల పని కూడా. నేరం చేసేవాడూ వచ్చేదెంత, దొరికిపోయే అవకాశమెంత, దొరికితే పడే శిక్ష ఎంత అని లెక్కేసుకుంటాడన్నది ఆయన వాదన. సిద్ధాంతం అంతే. దాన్ని అంకెల్లో తేల్చడం దగ్గరే తల ప్రాణం తోకకొస్తుంది.

షికాగో యూనివర్సిటీలో ఎకనామిక్స్ ప్రొఫెసర్‌గా పనిచేసిన స్టీవెన్ లెవిట్ కెరీర్‌లో ఒక్క ముక్క చూడండి. నేరాలు ఎక్కువున్న ఊళ్లోనే పోలీసుల్ని ఎక్కువ పెడతారు. కాబట్టి డేటాను ఉన్నదున్నట్టు రిగ్రెషన్‌లో (ఒకటి మారితే ఇంకొకటి ఎంత మారుతుందో తేల్చే లెక్కలో) వేస్తే పోలీసుల వల్లే నేరాలు పెరుగుతున్నట్టు కనిపిస్తుంది. నేరాలతో సంబంధం లేని కారణంతో పోలీసుల సంఖ్య మారిన సందర్భం కావాలి. 1997 వ్యాసంలో ఆయన పట్టుకున్నది ఎన్నికల ఏడాది. మేయర్, గవర్నర్ ఎన్నికలప్పుడు అమెరికాలోని పెద్ద నగరాల్లో పోలీసు నియామకాలు పెరుగుతాయి. (మనకు కొత్తగా చెప్పాలా!)

2002లో మరో ఆర్థికవేత్త జస్టిన్ మెక్రారీ అదే డేటాతో లెక్క మళ్లీ చేశారు. ఏటేటా పెద్దగా ఊగని నేరాలకు ఎక్కువ వెయిట్ ఇవ్వాల్సింది పోయి, లెవిట్ కంప్యూటర్ ప్రోగ్రామ్ తలకిందులుగా ఇచ్చింది. సరిచేస్తే, పోలీసులు పెరిగితే నేరాలు తగ్గుతాయన్న ఫలితం గట్టిగా నిలవలేదు. లెవిట్ తప్పు ఒప్పుకుని, ఈసారి అగ్నిమాపక సిబ్బంది సంఖ్యను వాడారు. నగరం చేతిలో డబ్బు ఆడితే పోలీసుల్నీ, ఫైర్ సిబ్బందినీ ఇద్దర్నీ పెంచుతుంది, ఫైర్ సిబ్బంది దొంగల్ని పట్టరు కదా. నా దృష్టిలో ఎన్నికల కంటే ఇదే బలమైన ఉపాయం. అయినా అనుమానం పూర్తిగా తీరదు: ఖజానా నిండిన ఊళ్లో ఉద్యోగాలూ పెరిగి, నేరాలు ఆ దారినా తగ్గొచ్చు.

మొదటి పనిగా ఇలాంటి ఒక వ్యాసం డేటా, కోడ్ తెచ్చుకుని టేబుళ్లు మళ్లీ రాబట్టండి.

మన దేశంలో నేరాల లెక్కలు ప్రచురించే కేంద్ర సంస్థ ఎన్‌సీఆర్‌బీ అంకెలతో చేస్తే జాగ్రత్త. అవి జరిగిన నేరాలు కావు, నమోదైన కేసులు. స్టేషన్ దగ్గరైతే ఫిర్యాదులూ పెరుగుతాయి. హత్యలు దాచడం కష్టం గనుక ముందు వాటితో మొదలుపెట్టి, దొంగతనాలకు తర్వాత వెళ్లండి. ఒకే ఎఫ్ఐఆర్‌లో నాలుగు నేరాలున్నా అన్నిటికన్నా పెద్దదే లెక్కలోకి వస్తుంది. 2024 జూలై 1 నుంచి ఐపీసీ (పాత శిక్షాస్మృతి) పోయి బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) వచ్చింది: హత్య 302 కాస్తా 103 అయింది, దొంగతనం 379 నుంచి 303కి మారింది. పాత, కొత్త సెక్షన్లకు జత పట్టిక ముందే రాసుకోకపోతే ఆ ఏడాది గ్రాఫ్‌లో కనిపించే గుంత నిజమో కాదో మీకే తెలియదు.