స్వాహిలీ చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మేం బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉంటాం. మా అమ్మాయి సెకండ్ పీయూసీ ఆర్ట్స్ పూర్తిచేసింది. లండన్ వెళ్ళి స్వాహిలీ డిగ్రీ చేసి, ఆఫ్రికాలో సహాయ సంస్థల్లో పనిచేస్తానంటోంది. నేను ఇక్కడే బీకాం, తర్వాత ఎంబీఏ అంటున్నాను. మా బంధువుల పిల్లలంతా ఇంజనీరింగే. రెంటిలో ఏది మంచిదో పోల్చి చెప్పండి.

జవాబు: ముందు టెన్షన్ పడకండి. పోల్చమన్నారు గానీ, మీ అసలు బెంగ డిగ్రీ గురించి కాదు. పిల్ల ఎక్కడో గొడవలు జరిగే దేశంలో ఒంటరిగా ఉంటుందేమోనని. ఇలాంటి తండ్రులందరిదీ ఇదే బెంగ. కానీ పట్టా చేతికి రాగానే ఎవరూ తీసుకెళ్ళి శరణార్థుల శిబిరంలో దింపరు. యుద్ధాలు, విపత్తులు వచ్చిన చోట వైద్యం చేసే డాక్టర్స్ వితౌట్ బార్డర్స్ లాంటి సంస్థలు మామూలుగా కనీసం రెండేళ్ళ పని అనుభవం అడుగుతాయి. మనసు మార్చుకోవడానికైనా, గట్టిపరచుకోవడానికైనా ఆమెకు బోలెడు టైముంది.

స్వాహిలీ చిన్న భాషేం కాదు. టాంజానియా, కెన్యాల్లో అధికార భాష, తూర్పు కాంగోలోనూ నడుస్తుంది. చిక్కల్లా ఏమిటంటే, కెన్యాలోని కాకుమా శరణార్థుల శిబిరానికి స్వాహిలీ వచ్చినవాళ్ళు కావాలంటే కెన్యాలోనే దొరుకుతారు. బెంగళూరు నుంచి టికెట్ పెట్టి ఎందుకు పిలుస్తారు? బయటివాళ్ళను పిలిచేది నీటి సరఫరా ఇంజనీరు, నర్సు, మందుల నిల్వ చూసే మనిషి లాంటి పనులకు. ఆ మాటకొస్తే మీ బీకామూ పనికొస్తుంది. విరాళాల డబ్బుకు పైసా పైసా లెక్క చెప్పాలి కదా! చేతిలో ఒక పని ఉండి, దానికి భాష తోడైతే ఆమె విలువ పెరుగుతుంది. ఉద్యోగం కోసమే అయితే మొదట ఫ్రెంచ్ నేర్చుకోమంటాను. కాంగో, చాద్, సెనెగల్‌లో ఆఫీసు పని నడిచేది అందులోనే. వసంతనగర్‌లో ఫ్రెంచ్ నేర్పే అలయన్స్ ఫ్రాన్సేజ్ ఉంది, డిగ్రీ చదువుతూనే వెళ్ళొచ్చు.

నాకు అసలు అనుమానం ఇప్పుడు ఫ్యాషనైపోయిన దారి మీద. ఏ అనుభవమూ లేకుండా, పెద్ద లోన్ తీసుకుని విదేశాల్లో ‘ఇంటర్నేషనల్ డెవలప్‌మెంట్’ మాస్టర్స్‌కి పరిగెత్తడం. అమెరికా ప్రభుత్వం విదేశాలకు సాయం అందించే తన సంస్థ యూఎస్ఎయిడ్‌ను 2025 జూలైలో మూసేసింది. ఏళ్ళ తరబడి ఫీల్డులో పనిచేసినవాళ్ళు వేలమంది రోడ్డున పడ్డారు. రేపు మీ అమ్మాయి పోటీపడాల్సింది వాళ్ళతోనే. లోన్ వాయిదాలు మాత్రం ఆగవు. ఇంకా ఘోరం ‘రెండు వారాలు ఆఫ్రికాలో సేవ’ ప్యాకేజీలు. లక్షలు కట్టి వెళ్ళి మన పిల్లలు బడి గోడకు రంగులేసి, సెల్ఫీలు దిగి వస్తారు. ఆ రంగేదో ఆ ఊరి పెయింటరే వేస్తే అతనికి కూలి దక్కేది, గోడా బాగుండేది. దీన్ని అనుభవంగా సీవీలో రాస్తే చూసేవాళ్ళు పెదవి విరుస్తారు.

ఒక మాట అనకుండా ఉండలేను, ఏమీ అనుకోకండి. బంధువుల పిల్లలు ఏం చదివారో రాశారు. మీ అమ్మాయికి ఈ పని మీద మనసెందుకు పోయిందో ఒక్క వాక్యం రాయలేదు. అసలు అడిగారా? రేపు వేరే దేశంలో బతకాలన్న పిల్లకు పక్కింటివాళ్ళ కన్నడం ఎంత వచ్చో గమనించారా? అది వస్తే నాకు సగం ధైర్యం. రాకపోతే స్వాహిలీకంటే ముందు అక్కడ మొదలుపెట్టాలి.

ఆమెకు భాషల మీదే నిజమైన ప్రేమ ఉంటే నేనడ్డు చెప్పను. అనువాదం, పరిశోధన గౌరవమైన దారులే. ఢిల్లీ యూనివర్సిటీలో ఆఫ్రికన్ స్టడీస్ విభాగం స్వాహిలీ నేర్పుతుంది, లండన్ ఖర్చులో పిసరంత. ఇంకా మనసు తేలకపోతే కమ్మనహళ్ళి, హెణ్ణూరు వైపు ఆఫ్రికా విద్యార్థులు చాలామంది ఉంటారు. టాంజానియా, కెన్యా వాళ్ళెవరైనా పరిచయమైతే కొన్నాళ్ళు మాట్లాడి చూడమనండి. డిగ్రీ అయ్యాక డెవలప్‌మెంట్ ఎంఏ చేయాలనుకుంటే అజీం ప్రేమ్‌జీ యూనివర్సిటీ మీకు దగ్గర్లోనే, సర్జాపురలో ఉంది.

ఈ ఆదివారం ఇద్దరూ కూర్చుని సహాయ సంస్థల ఉద్యోగాలు ప్రకటించే రిలీఫ్‌వెబ్ సైటులో ఆఫ్రికా ఉద్యోగ ప్రకటనలు ఓ ఐదు తెరవండి. ఏ అర్హతలు, ఎంత అనుభవం, ఏ భాషలు అడిగారో ఆమెనే చదివి కాగితం మీద రాయమనండి. మీరు పక్కన కూర్చోండి. మధ్యలో ఎంబీఏ మాట మాత్రం ఎత్తకండి.