చేతిలో డబ్బు లేకుండా ఫ్లాట్: బిల్డర్ చెప్పిన దారిలో వెళ్లొచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. విజయవాడలో ప్రైవేటు ఉద్యోగం, చేతికొచ్చే జీతం నెలకు 72 వేలు. ఏడేళ్ల సర్వీసుంది, అప్పుల్లేవు. ఇంటద్దె 12 వేలు. గోరంట్లలో 48 లక్షలకు డబుల్ బెడ్‌రూం ఫ్లాట్ చూశాం, అన్ని అనుమతులతో సిద్ధంగా ఉంది. మా దగ్గరున్నది లక్షన్నరే. ‘అగ్రిమెంటు 60 లక్షలకు రాసుకుందాం, బ్యాంకు 48 లక్షలూ ఇచ్చేస్తుంది’ అంటున్నారు బిల్డరు. ఏజెంటేమో పర్సనల్ లోన్ తీసుకోమంటున్నారు. ఏది మంచిది?

జవాబు: రెండూ వద్దు. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం గృహరుణం 30 లక్షల లోపైతే ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వొచ్చు. 30 లక్షలు దాటి 75 లక్షల వరకు 80 శాతమే. 48 లక్షల ఫ్లాట్‌కు మీకొచ్చేది 38.40 లక్షలు. మిగతా 9.60 లక్షలు (దీన్నే మార్జిన్ అంటారు) మీరే పెట్టుకోవాలి. దీనిపైన స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం, అంటే 3.60 లక్షలు. ఈ ఖర్చును బ్యాంకు ఇంటి విలువలో కలపదు. లీగల్, వాల్యుయేషన్, ప్రాసెసింగ్, తాకట్టు పత్రానికి ఓ 50 వేలు వేసుకోండి. మొత్తం 13.70 లక్షలు చేతిలో ఉండాలి.

ఇక 60 లక్షల అగ్రిమెంటు సంగతి. బ్యాంకు ఇంటికి విలువ కట్టే తన వాల్యుయర్‌ను పంపుతుంది. అగ్రిమెంటు ధర, వాల్యుయర్ చెప్పిన ధర, రెండింటిలో తక్కువదాని మీదే రుణం. ఒకవేళ అక్కడ గట్టెక్కినా, మీరు బిల్డరుకు 12 లక్షలు ముందే కట్టినట్టు దొంగ రసీదు చూపించాలి. అది బ్యాంకును మోసం చేయడం, కేసు అయితే సంతకం మీది. 60 లక్షల మీద రిజిస్ట్రేషన్ ఖర్చు 4.50 లక్షలవుతుంది. 50 లక్షలు చేరింది కాబట్టి ఒక శాతం టీడీఎస్ (అమ్మేవాళ్లకిచ్చే డబ్బులోంచి ముందే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను) బాధ్యతా మీ మీదే పడుతుంది. 48 లక్షల అప్పుకు ఎనిమిదిన్నర శాతం వడ్డీతో 20 ఏళ్లకు ఈఎంఐ సుమారు 41,650. మీ జీతంలో సగం దాటిపోయింది. రేపు ఉద్యోగం మారి అమ్మాలనుకుంటే ఇంటి విలువంతా అప్పే.

పర్సనల్ లోన్ ఇంకో రకంగా దెబ్బ తీస్తుంది. పది లక్షలకు 13 శాతం మీద ఐదేళ్ల ఈఎంఐ దాదాపు 22,750. బ్యాంకులు మామూలుగా జీతంలో సగం వరకు, అంటే మీకు 36 వేల దాకా, అన్ని ఈఎంఐలకూ కలిపి లెక్కిస్తాయి. అందులోంచి ఇది తీసేస్తే మిగిలేది 13,250. దానికొచ్చే గృహరుణం 15 లక్షలే. మార్జిన్ కోసం చేసిన అప్పే గృహరుణాన్ని మింగేస్తుంది. గృహరుణం వచ్చాక తీసుకుందామనుకోకండి, అప్పటికి మార్జిన్ కట్టిన ఆధారం చూపిస్తేనే బ్యాంకు చెక్కు ఇచ్చేది.

నా సలహా ఒక్కటే, ధర తగ్గించుకోండి. 33 లక్షల లోపు పాత ఫ్లాట్‌కు రుణం 29.70 లక్షలు, 90 శాతం స్లాబులోనే ఉంటుంది. మార్జిన్ 3.30, రిజిస్ట్రేషన్ 2.48, ఇతర ఖర్చులు 40 వేలు, మొత్తం 6.20 లక్షల లోపు. ఫ్లాట్ ధర 15 లక్షలు తగ్గితే చేతి డబ్బు సగానికి పైగా తగ్గింది. ఈఎంఐ 25,800 లోపే. పట్టాభిపురం, విద్యానగర్ వైపు పదేళ్లు దాటినవి వెతకండి.

పాత ఫ్లాట్‌లో ముందు చూడాల్సింది మున్సిపల్ ప్లాన్. నాలుగంతస్తులకు అనుమతి తెచ్చి ఐదోది లేపిన అపార్టుమెంట్లలో ఆ పై ఫ్లాట్‌కు లోన్ రావడం కష్టం. అవిభాజ్య స్థలం, అంటే అపార్టుమెంటు కట్టిన నేలలో మీకు వచ్చే వాటా, ఎన్ని గజాలో దస్తావేజులో చూడండి. భవనం వయసు పెరిగితే రుణ కాలపరిమితి తగ్గుతుంది, ఈఎంఐ పెరుగుతుంది.

మన దగ్గర ఎక్కువమంది ఇరుక్కునేది ఇంకోచోట. అమ్మేవాళ్లు ‘గవర్నమెంటు విలువకే రిజిస్ట్రేషన్, మిగతాది క్యాష్’ అంటారు. 33 లక్షల ఫ్లాట్‌ను 24 లక్షలకు రాస్తే బ్యాంకు చూసేది 24 లక్షలే. అందులో 90 శాతం 21.60. మిగతా 11.40 లక్షలు మీరెక్కడ తెస్తారు? పైగా స్థిరాస్తికి 20 వేలు, ఆపైన నగదు తీసుకుంటే ఆదాయపు పన్ను శాఖ తీసుకున్నవాళ్లకు అంతే మొత్తం పెనాల్టీ వేయొచ్చు. అందుకని మొదటి ఫోన్‌లోనే ‘మొత్తం వైట్‌లోనేనా’ అని అడగండి. కాదంటే, ఇల్లెంత నచ్చినా వదిలేయండి.

మీకు కావాల్సింది ఇంకా 4.70 లక్షలు. కొత్త ఫ్లాట్‌కైతే 38.40 లక్షల రుణానికి 33 వేల ఈఎంఐ కట్టాల్సి వచ్చేది కదా. అద్దె 12 వేలు పోను మిగిలిన 21 వేలు ఈ నెల నుంచే ఆర్‌డీలో (నెలనెలా కట్టే బ్యాంకు డిపాజిట్‌లో) వేయండి. పది నెలల్లో 2.10 లక్షలు, నెలనెలా కట్టగలరో లేదో కూడా తేలిపోతుంది. మిగిలిన 2.60 లక్షలు పీఎఫ్ నుంచి ఇంటి కోసం తీసుకోవచ్చు, తిరిగి కట్టక్కర్లేదు. ఇల్లు మీ పేరునో, మీ ఆవిడ పేరునో, ఇద్దరి పేరునో ఉండాలి. పీఎఫ్ ఖాతాలో పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో అక్షరం తేడా లేకుండా ఉన్నాయో ఇప్పుడే చూసుకోండి, క్లెయిములు తిరిగొచ్చేది ఎక్కువగా ఇక్కడే. చీటీ పాడుకోవాలనుకుంటే రిజిస్టర్డ్ కంపెనీలోనే, మిగిలిన వాయిదాలు ఈఎంఐకి తోడవుతాయని లెక్కేసుకుని.

ఫ్లాట్ కుదిరాక అడ్వాన్సు 50 వేలు దాటనివ్వకండి, అదీ బ్యాంకు ద్వారానే. గడువు 90 రోజులు పెట్టించండి. ‘లీగల్‌లోగానీ వాల్యుయేషన్‌లోగానీ బ్యాంకు తిరస్కరిస్తే అడ్వాన్సు పూర్తిగా తిరిగివ్వాలి’ అన్న వాక్యం అగ్రిమెంటులో ఉండాలి. అమ్మేవాళ్లకు ఆ ఫ్లాట్ మీద పాత లోను ఉంటే ఒరిజినల్ పత్రాలు వాళ్ల బ్యాంకులో ఉంటాయి. బాకీ ఎంతుందో లెటర్ తెప్పించి, మీ బ్యాంకు నేరుగా ఆ బ్యాంకుకే కట్టేలా చూడండి, అమ్మేవాళ్ల ఖాతాలో వేసి ‘వాళ్లే క్లోజ్ చేసుకుంటారులే’ అని ఊరుకోవద్దు.