టెక్ ట్రాన్స్‌ఫర్ ఉద్యోగమా? ముందు ఏ ట్రాన్స్‌ఫరో తేల్చుకోండి

ప్రశ్న: మా అమ్మాయి ఉస్మానియాలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ రెండో ఏడాది చదువుతోంది. రోజంతా ల్యాబ్‌లో, ప్లాంట్‌లో నిలబడే ఉద్యోగం వద్దంటోంది. టెక్నాలజీ ట్రాన్స్‌ఫర్, పేటెంట్ సమాచారం వైపు అవకాశాలున్నాయని విని, అమీర్‌పేటలో ఓ కోర్సుకు లక్షన్నర కడతానంటోంది. కట్టమంటారా? - ఓ తండ్రి, ఉప్పల్

జవాబు: ఇప్పుడే కట్టకండి. హైదరాబాద్‌లో ‘టెక్ ట్రాన్స్‌ఫర్’ అంటే రెండు వేర్వేరు ఉద్యోగాలు. ఫార్మా కంపెనీ ప్రకటనలో ఆ మాట ఉంటే, ఆర్ అండ్ డీలో తయారైన ప్రాసెస్‌ను ప్లాంట్‌కు చేర్చే పని. షిఫ్టులు, ట్రయల్ బ్యాచ్‌లు తప్పవు. మీ అమ్మాయి వద్దంటున్నది సరిగ్గా అదే! రెండోది, పరిశోధన సంస్థలో కనిపెట్టినదాన్ని పరిశ్రమకు లైసెన్సుకిచ్చే ఆఫీసు పని. తార్నాకలో ఐఐసీటీ (రసాయన పరిశోధన సంస్థ), బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ (కొత్త పదార్థాల పరిశోధన కేంద్రం), పటాన్‌చెరులో ఇక్రిశాట్ (పంటల పరిశోధన సంస్థ), కందిలో ఐఐటీ లాంటి చోట్ల ఉంటుంది కానీ పోస్టులు కొద్ది. అందుకే చాలామంది పేటెంట్ సెర్చ్ (ఒక విషయం మీద ఇప్పటికే ఏ పేటెంట్లున్నాయో వెతకడం) చేసిపెట్టే సేవల కంపెనీల్లో మొదలుపెట్టి అటు వెళ్తారు.

ఎక్కడ చేరినా అసలు పని ఒక్కటే. పేటెంట్‌లో రాయనిదాన్ని రాబట్టి, అవతలివాళ్లకు పనికొచ్చేలా ఫైల్లో పెట్టడం. ఒక ఉదాహరణ చూడండి. 500 మిల్లీలీటర్ల ఫ్లాస్క్‌లో చేసిన రియాక్షన్‌కు ల్యాబ్ నోట్‌బుక్‌లో ‘0-5 డిగ్రీల దగ్గర 20 నిమిషాల్లో బొట్టుబొట్టుగా కలపాలి’ అని ఉంటుంది. అదే 2,000 లీటర్ల రియాక్టర్‌కు వెళ్తే ద్రవం 4,000 రెట్లవుతుంది. దాన్ని చల్లార్చే గోడ వైశాల్యం మాత్రం, ఆకారం అదే అనుకుంటే, 250 రెట్లే పెరుగుతుంది. 20 నిమిషాల్లో పోసేస్తే వేడి బయటికి పోదు, ఇంప్యూరిటీ (మలినం) పెరుగుతుంది, కొన్ని రియాక్షన్లు అదుపే తప్పుతాయి. ఎన్ని గంటలు పట్టాలో లెక్కగట్టడం ఇంజినీర్ల వంతు. ఆ 20 నిమిషాలు ఎందుకు పెట్టారు, 10 డిగ్రీలు దాటినప్పుడు ఏమైంది, ఏ బ్యాచ్‌లు పాడయ్యాయి అని అడిగి రాయించడం మీ అమ్మాయి వంతు. పాడైన బ్యాచ్‌ల వివరాలు ఎవరూ తమంతట తాము ఇవ్వరు. టెక్నాలజీ కొనుక్కున్న చిన్న కంపెనీ తొలి ఏడాది ఇబ్బంది పడేది అక్కడే.

ఇక పేటెంట్ హక్కు ఏ దేశానికి ఆ దేశమే. అమెరికాలో మంజూరై ఇక్కడ దాఖలు కాని దాన్ని మనవాళ్లు ఇక్కడ వాడుకోవచ్చు, కానీ ఆ సరుకును అమెరికాకు ఎగుమతి చేస్తే చిక్కు. మనలాంటి దేశాలకు ఈ తేడా ప్రాణం. ఐఐసీటీ రూపొందించిన ప్రాసెస్‌తో సిప్లా 1990ల్లో ఎయిడ్స్ మందు ఏజెడ్‌టీని చవగ్గా తేగలిగిందంటే, 1970 పేటెంట్ చట్టం మందులకు ప్రొడక్ట్ పేటెంట్ (తయారీ పద్ధతికి కాక మందుకే హక్కు) ఇవ్వకపోవడం పెద్ద కారణం. 2005 నుంచి ఆ వెసులుబాటు లేదు. కాబట్టి ‘ఈ పేటెంట్ మన దగ్గర అమల్లో ఉందా?’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవాళ్లకే గిరాకీ.

ఆ జవాబులో కొత్తవాళ్లు తరచూ తప్పులు చేస్తారు. అప్లికేషన్‌నే పేటెంట్ అనుకుంటారు. నంబరు చివర ‘ఏ’ (A) ఉంటే సాధారణంగా ప్రచురితమైన దరఖాస్తే, ‘బి’ (B) ఉంటే మంజూరైనది. గడువు 20 ఏళ్లు కదా అని లెక్కేసి, మధ్యలో రెన్యువల్ ఫీజు కట్టక రద్దయిందేమో చూడరు. దాఖలైన 18 నెలలకు గానీ దరఖాస్తు సాధారణంగా బయటికి రాదు, అందుకే నిన్నటి సెర్చ్‌లో దొరకనిది రేపు ఎదురుపడొచ్చు. ఇంకా పెద్ద తప్పు, మాటలతోనే వెతకడం. ‘సోలార్ డ్రయ్యర్’ అని కొడితే, ఆ పేరు వాడకుండా రాసిన పేటెంట్లు తప్పిపోతాయి. ఎఫ్26బి 3/28 (F26B 3/28) అనే క్లాసిఫికేషన్ కోడ్‌తో, అంటే పేటెంట్లను విషయాన్ని బట్టి వర్గీకరించే అంతర్జాతీయ సంకేతంతో వెతికితే ఏ పేరు పెట్టినా, ఏ భాషలో ఉన్నా దొరికే అవకాశం ఎక్కువ.

ఇవి నేర్చుకోవడానికి లక్షన్నర అక్కర్లేదు. పేటెంట్లు వెతికే డేటాబేస్‌లు పేటెంట్‌స్కోప్, ఎస్పాసెనెట్, మన ఇన్‌పాస్ మూడూ ఉచితం. వైపో (ప్రపంచ మేధో సంపత్తి సంస్థ) వారి డీఎల్-101 ఆన్‌లైన్ కోర్సుకూ ఫీజు లేదు. ఎనిమిది వారాలు తీసుకుని ఒకే టెక్నాలజీ మీద ఫైలు తయారుచేయమనండి. మామిడి తాండ్ర ఆరబెట్టే యంత్రం అనుకోండి: ఎవరి దగ్గర ఏముంది, ఇక్కడ ఏది అమల్లో ఉంది, యంత్రం రోజుకు ఎన్ని కిలోలు ఆరబెడుతుంది, కరెంటెంత, విడిభాగాలు హైదరాబాద్‌లో దొరుకుతాయా. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కంటే ఈ ఫైలే ఎక్కువ మాట్లాడుతుంది. తర్వాత పేటెంట్ ఏజెంట్ (ఇతరుల తరఫున పేటెంట్ దరఖాస్తులు నడిపే వ్యక్తి) పరీక్షకు సిద్ధం కావొచ్చు. సైన్స్ డిగ్రీ, 21 ఏళ్లు నిండితే చాలు, లా అక్కర్లేదు. నోటిఫికేషన్ ఏటా రాదు కాబట్టి కన్నేసి ఉంచాలి. చట్టం పద్ధతిగా చదవాలనుకుంటే నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం పీజీ డిప్లొమా చూడొచ్చు.

అమీర్‌పేట కోర్సు వాళ్లను మాత్రం, తమ విద్యార్థి చేసిన సెర్చ్ రిపోర్ట్ ఒకటి చూపించమనండి. ఏ డేటాబేస్‌లో, ఏ తేదీన, ఏ కోడ్‌లతో వెతికారో అందులో రాసి లేకపోతే ఆ లక్షన్నర మీ దగ్గరే ఉంచుకోండి.