వెరోనా, గార్డా సరస్సు: పెద్దవాళ్ళతో వెళ్తే ఏది చూడాలి, ఏది వదిలేయాలి

అమ్మానాన్నలతో మూడు రోజులు ఇటలీలోని వెరోనాలో ఉంటున్నాం, గార్డా సరస్సు ఒడ్డున ఉన్న ఊళ్ళన్నీ ఒక్క రోజులో చుట్టి రావచ్చా అని అడిగారు. రాలేరండీ. ఆ సాహసం మేం చేశాం కాబట్టి చెబుతున్నా. రెండేళ్ళ క్రితం మే నెలలో అత్తగారు, మామగారితో వెళ్ళాం.

గార్డా ఇటలీలోకెల్లా పెద్ద సరస్సు, దాదాపు 370 చదరపు కిలోమీటర్లు. మ్యాప్‌లో చూస్తే ఊళ్ళు పక్కపక్కనే ఉన్నట్టుంటాయి. పొద్దున సిర్మియోనే, మధ్యాహ్నం మాల్చేసినే, సాయంత్రం లిమోనే అని లెక్కేసుకున్నాం. మామూలు పడవ దారిలో ఉన్న రేవులన్నిట్లోనూ ఆగుతూ పోతుందని లెక్కలో వేసుకోలేదు. మాల్చేసినేలో దిగేసరికి రెండున్నర దాటింది. అక్కడ మోంటే బాల్డో కొండ మీదికి 1,760 మీటర్ల ఎత్తు దాకా కేబుల్ కారు ఉంది. దారిలో ఒకచోట మారి ఎక్కే రెండో క్యాబిన్ తనచుట్టూ తాను తిరుగుతూ పైకి వెళ్తుంది. మామగారు దాని కోసమే వచ్చారు. చాంతాడంత క్యూ చూసి వెనక్కి తిరిగాం. లిమోనే అవతలి ఒడ్డున కనబడుతూనే ఉంది, అక్కడి నుంచే చూసి సరిపెట్టుకున్నాం. పైగా మధ్యాహ్నం దాటాక దక్షిణం నుంచి ఓరా అనే గాలి లేస్తుంది. ఆ గాలికి పడవ ఊగిన ఊగుడుకి అత్తగారికి కడుపులో తిప్పేసింది.

అందుకని ఒక రోజుకి ఒక్క ఊరు చాలు. పెద్దవాళ్ళుంటే సిర్మియోనే. వెరోనా నుంచి సరస్సు ఒడ్డునే ఉన్న పెస్కియేరాకి రైల్లో పావుగంట, అక్కడి నుంచి పడవ. ఒకప్పుడు వెరోనాని ఏలిన స్కాలిజెర్ వంశం వాళ్ళ కోట, చుట్టూ నీళ్ళతో, సిర్మియోనే ఊరి మొదట్లోనే ఉంటుంది. ఊరి చివర రోమన్ కవి కటుల్లుస్ పేరుతో 'కటుల్లుస్ గుహలు' అంటారు గానీ అవి గుహలు కావు, ఆలివ్ తోట మధ్య పాత రోమన్ భవనం శిథిలాలు. అంతదూరం నడవలేకపోతే రోడ్డు మీద తిరిగే బుల్లి ట్రైన్ ఉంది. లోకల్ రైలుకి కాగితం టికెట్ కొంటే, ఎక్కేముందు స్టేషన్‌లో మెషీన్‌లో పెట్టి ముద్ర వేయించుకోవడం మరిచిపోకండి.

మిగతా రెండు రోజులూ వెరోనాకే ఇవ్వండి. షేక్స్‌పియర్ నాటకంలోని జూలియట్ ఇల్లని చూపించే ఇంటికి మాత్రం నేను పెద్దగా మార్కులు వేయను. ఆ బాల్కనీ ఇరవయ్యో శతాబ్దంలో అతికించింది, కింద ఎప్పుడూ తొక్కిసలాటే. పొన్టే పియెత్రా వంతెన చూడండి. 1945లో జర్మన్ సైన్యం వెళ్ళిపోతూ దాన్ని పేల్చేస్తే, అదిజే నదిలో పడ్డ రాళ్ళు ఏరి మళ్ళీ కట్టారు. తెల్ల రాతి కమానులు రోమన్ కాలంవి, ఎర్ర ఇటుకవి తర్వాతవి, చూడగానే తేడా తెలుస్తుంది. సాయంత్రం దాని పక్కనే ఫ్యునికులర్ (కొండెక్కే పట్టాల బండి) ఎక్కి కాస్టెల్ సాన్ పియెత్రో కొండ మీదికి వెళ్తే ఊరంతా కాళ్ళ కింద ఉంటుంది.

ఊరి నడిబొడ్డున ఉన్న రోమన్ కాలపు ప్రదర్శనశాల అరేనా గురించి అందరూ చెబుతారు. నేను చెప్పేది కాళ్ళ కింద రాయి గురించి. వెరోనా వీధుల్లో పరిచిన ఎర్రటి బండల్లో గుండ్రంగా చుట్టుకున్న శంఖాల్లాంటి గుర్తులు కనిపిస్తాయి. అవి అమ్మోనైట్లు, అంటే ఎప్పుడో అంతరించిపోయిన గుల్ల ఉన్న సముద్రజీవుల శిలాజాలు. అత్తగారు ఒకదాని దగ్గర ఆగిపోయి, "ఇది సాలగ్రామమే కదే!" అన్నారు. నిజమే, గండకీ నదిలో దొరికే సాలగ్రామాల్లో ఉండేవీ అమ్మోనైట్లే. ఇక ఆ రెండు రోజులూ ఆవిడ వాటిని తొక్కకుండా పక్కపక్కనుంచి నడిచారు. మామగారు "ఇలా అయితే హోటల్‌కి చేరినట్టే" అని విసుక్కుంటూనే, తనూ తొక్కడం మానేశారు.

తిండి దగ్గర ఒక్కటే జాగ్రత్త. వెరోనాలో గుర్రం మాంసం పాత అలవాటు. మెనూలో 'కవాల్లో' అని కనిపిస్తే అది గుర్రమే, 'కావాలి' అనుకుని తలూపేయకండి. శాకాహారులైతే గుమ్మడికాయ కూరిన తోర్టెల్లి అనే పాస్తా దొరుకుతుందేమో అడగండి. కొంచెం తియ్యగా ఉంటుంది, మా ఇంట్లో ఆవకాయ నంజుకుని తిన్నారు.